మొదటి డీర్ రైఫిల్ కొనేవాళ్ళకి ఓ మాట
టెక్సాస్‌లో మొదటిసారి జింకల వేటకి వెళ్దామనుకునేవాళ్ళు దయచేసి మ్యాగ్నమ్ తూటాల (మామూలు వాటికంటే ఎక్కువ మందుగుండు పట్టేవి) జోలికి పోకండి. అక్కడి వైట్‌టెయిల్ జింకకి అంత శక్తి అక్కర్లేదు, పైగా ఆ రీకాయిల్‌కి, అంటే పేల్చగానే తుపాకీ వెనక్కి తన్నే దెబ్బకి భయపడి ట్రిగ్గర్ నొక్కే ముందే కళ్ళు మూసుకోవడం, భుజం బిగించడం అలవాటైపోతుంది, గురి తప్పి పొట్టలో తగిలితే పాపం ఆ జంతువు గంటల తరబడి నరకం చూస్తుంది. తూటా సైజుల్లో .243 విన్‌చెస్టర్‌లో 100 గ్రెయిన్ (గుండు బరువు) సాఫ్ట్ పాయింట్ (తగలగానే విచ్చుకునే మెత్తటి మొన గుండు), లేదంటే 6.5 క్రీడ్‌మోర్ చాలు. .308 కూడా మంచిదే, తూటాలు దాదాపు ప్రతి షాపులో దొరుకుతాయి, కాకపోతే కాస్త గట్టిగా తంతుంది. .22 రిమ్‌ఫైర్ అనే చిన్న తూటాతో జింకని కొట్టడం అక్కడ చట్టవిరుద్ధం.

రైఫిల్ మామూలు బోల్ట్ యాక్షన్ (ప్రతి గుండుకీ చేత్తో బోల్ట్ లాగేది) తీసుకోండి, 3-9x40 స్కోప్ (3 నుంచి 9 రెట్లు పెద్దగా చూపించే, 40 మి.మీ. లెన్స్ ఉన్న దుర్భిణి) సరిపోతుంది. షాపులోనే కళ్ళు మూసుకుని రైఫిల్‌ని భుజానికి ఆనించి, అప్పుడు కళ్ళు తెరిచి చూడండి. మెడ సాచకుండానే స్కోప్‌లో వృత్తం నిండుగా కనబడాలి, అంచున నల్లటి నీడ వస్తుంటే స్టాక్ (భుజానికి ఆనించే వెనక భాగం) పొడవో, స్కోప్ బిగించిన చోటో మీకు కుదరలేదన్నమాట. తూటాలకి, రేంజ్‌లో ప్రాక్టీస్‌కి డబ్బు మిగుల్చుకోండి.

హెచ్-1బి మీద ఉన్న మనవాళ్ళు మాత్రం ముందు హంటింగ్ లైసెన్స్ తీసుకోండి, ఆ తర్వాతే తుపాకీ సంగతి. లైసెన్స్ లేకుండా తుపాకీ కొనే విషయంలో ఫెడరల్ చట్టం చాలా కఠినంగా ఉంటుంది.