సరేనని వెళ్లినవారు మళ్లీ ఎందుకు రాలేదు?

కుటుంబ నియంత్రణ సలహా ఇచ్చేవారికి తరచూ ఎదురయ్యే చిక్కులివి. వీటిలో ఎక్కువ భాగం మందులో లోపం వల్ల వచ్చేవి కావు, మన మాటలో లోపం వల్ల వచ్చేవే.

సమస్య: గర్భనిరోధక ఇంజెక్షన్ తీసుకున్నామె రెండో డోసుకు రాలేదు

కారణం: మూడు నెలలకోసారి తీసుకునే ఈ ఇంజెక్షన్‌తో మొదట్లో రక్తస్రావం క్రమం తప్పుతుంది. ఏడాది గడిచేసరికి చాలామందికి నెలసరి ఆగిపోతుంది. ఈ సంగతి ముందే తెలియకపోతే గర్భం వచ్చిందేమోనని, చెడు రక్తం లోపలే పేరుకుపోతోందేమోనని ఆమె హడలిపోతుంది. అంత భయంలో మన దగ్గరకు రావాలని తోచదు.

పరిష్కారం: సూది వేయకముందే చెప్పాలి. "నెలసరి తప్పవచ్చు, ఆగిపోవచ్చు. గర్భాశయం లోపలి పొర పలచగా ఉండిపోతుంది కాబట్టి అలా జరుగుతుంది. రక్తమేమీ లోపల నిలవ ఉండదు" అనండి. ఇంజెక్షన్ మానేశాక గర్భం రావడం కొన్ని నెలలు ఆలస్యం కావచ్చని కూడా అప్పుడే చెప్పాలి. త్వరలో బిడ్డ కావాలనుకునేవారికి ఇది చాలా ముఖ్యం. "ఇబ్బందిగా ఉంటే రండి, వేరే పద్ధతికి మారవచ్చు" అన్న మాటను, వింటే మానేస్తారేమోనని, మనలో కొందరు మింగేస్తారు. దయచేసి మింగకండి. ఆమెను మళ్లీ మన గడప తొక్కించేది ఆ మాటే.

సమస్య: అన్నిటికీ తల ఊపింది, గర్భనిరోధక మాత్ర మరచిపోతే ఏం చేయాలో తెలియలేదు

కారణం: "అర్థమైందా?" అని అడిగాం. కాలేదని చెప్పడానికి ఎవరికైనా నామోషీయే.

పరిష్కారం: "నేను సరిగా చెప్పానో లేదో చూసుకోవాలి. ఒక మాత్ర మరచిపోతే ఏం చేస్తారో మీరే చెప్పండి" అని అడగండి. గుర్తొచ్చిన వెంటనే వేసుకుని, తర్వాతిది మామూలు వేళకే వేసుకుంటానని ఆమె నోటితో చెప్పాలి. తడబడితే మళ్లీ మొదటినుంచి వివరించండి.

సమస్య: వచ్చినవారందరూ ఒకే పద్ధతితో వెళ్తున్నారు

కారణం: ఎంచుకుంటున్నది వాళ్లు కాదు, మనం. 1990లో పరిశోధకురాలు జూడిత్ బ్రూస్ కుటుంబ నియంత్రణ సేవల నాణ్యతకు ప్రతిపాదించిన ఆరు అంశాల్లో పద్ధతిని ఎంచుకునే అవకాశం ఒకటి.

పరిష్కారం: ఇంకా పిల్లలు కావాలా, ఎప్పుడు, ఇంతకుముందు ఏది వాడి ఎందుకు మానేశారు అని ముందు అడగండి. వెంట వచ్చినవారు జవాబులు చెబుతుంటే, కాసేపు ఆమెతో విడిగా మాట్లాడండి.

సమస్య: వేసెక్టమీ (మగవారికి చేసే కుటుంబ నియంత్రణ ఆపరేషన్) అయిన కొద్ది వారాలకే భార్యకు గర్భం

కారణం: ఆ ఆపరేషన్ వెంటనే పనిచేయదని ఎవరూ చెప్పలేదు. ఏ తప్పూ చేయని భార్యపై అనుమానం పడుతుంది.

పరిష్కారం: మూడు నెలల పాటు కండోమ్ గానీ మరో పద్ధతి గానీ తప్పనిసరి అని, ఆ తర్వాత వీర్య పరీక్ష చేయించుకోవాలని భార్యాభర్తలిద్దరికీ కలిపి చెప్పండి. పరీక్షకు రావాల్సిన తేదీని కాగితంపై రాసి చేతికివ్వండి.