కార్చిచ్చు రాకుండా జాగ్రత్తలు, పొగను తొలి నిమిషాల్లోనే పసిగట్టే పద్ధతి

బెంగళూరు నుంచి సెలవు రోజుల్లో సావనదుర్గ, రామనగర కొండలకు వెళ్లే తెలుగు కుటుంబాలు జనవరి నుంచి మే వరకు మరింత జాగ్రత్తగా ఉండాలి. ఆ నెలల్లో ఎండుటాకులు, గడ్డి, లాంటానా పొదలు నేలంతా పేరుకుని ఉంటాయి. మన దేశంలో కార్చిచ్చుల్లో అత్యధికం మనుషుల వల్లనే మొదలవుతాయి. అడవిలో పొయ్యి వెలిగించవద్దు, సిగరెట్ ముక్క పడేయవద్దు. అభయారణ్యంలో నిప్పు పెట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం కూడా.

అడవి అంచున తోట ఉన్నవారు చెత్త కాల్చక తప్పకపోతే, గాలి లేని వేళ చూసుకుని, చుట్టూ గడ్డిని మట్టి కనిపించేదాకా చెక్కి, నీళ్లు దగ్గర పెట్టుకోవాలి. మంట ఆరాక బూడిదపై నీళ్లు పోసి, కర్రతో కలిపి, అరచేతి వెనుక భాగాన్ని దానికి దగ్గరగా పెట్టి చూడండి. వేడి ఏమాత్రం తగిలినా మళ్లీ నీళ్లు పోయాలి.

భారత అటవీ సర్వేక్షణ సంస్థ ఉపగ్రహాల సాయంతో మంటలను గుర్తించి అటవీ శాఖకు హెచ్చరికలు పంపుతుంది. ఆ ఉపగ్రహాల్లో మంటల వేడిని పసిగట్టే పరికరాల్లో ఒకటైన విర్స్ (VIIRS) తీసే చిత్రంలో ఒక్కో చుక్క నేల మీద 375 మీటర్ల మేర ఉంటుంది, పైగా ఉపగ్రహం రోజుకు కొన్నిసార్లే ఆ చోటు మీదుగా వెళుతుంది. అందుకే అప్పుడే అంటుకున్న చిన్న మంటను కొండ మీద ఉన్న మనిషే ముందు చూడగలడు. పొగమంచు లోయంతా పరచుకుని ఎండెక్కగానే కరుగుతుంది. పొగ మాత్రం ఒకే చోట నుంచి లేచి గాలివాలుకు ఒరుగుతుంది, ఎండెక్కేకొద్దీ చిక్కబడుతుంది. అనుమానం ఉన్నా సరే, వెంటనే చెప్పడమే మంచిదని నా అభిప్రాయం.

112కు ఫోన్ చేసి దగ్గరి ఊరి పేరు, కొండకు ఏ వైపున పొగ ఉందో, గాలి ఎటు వీస్తోందో, జీపు వెళ్లే దారి ఉందో లేదో చెప్పండి. ఫోన్ మ్యాప్‌లో కనిపించే అంకెలు (అక్షాంశ, రేఖాంశాలు) మీరు నిలబడిన చోటివని, పొగ ఏ దిక్కున ఎంత దూరంలో ఉందో స్పష్టంగా చెప్పడం మరవకండి.

మంట ఆర్పడానికి మీరు దిగవద్దు. 2018 మార్చిలో తమిళనాడులోని తేని జిల్లా కురంగణి కొండల్లో ట్రెక్కింగ్‌కు వెళ్లిన ఇరవై మందికి పైగా మంటల్లో చిక్కుకుని మరణించారు. వాలుపై మంట పైకి వేగంగా పాకుతుంది కనుక ఎగువకు పరుగెత్తకుండా, పక్కకు జరిగి, బండరాతి వైపో ఇప్పటికే కాలి చల్లారిన నేల వైపో వెళ్లాలి.