ఈజిప్ట్ ఆలయాలను ఫోటో తీయడం ఎలా?

పదకొండు గంటల ఎండలో తీస్తే కర్నాక్ అయినా అబూ సింబెల్ అయినా పసుపు రంగు చదును గోడలా వస్తుంది. రాతిమీద చెక్కిన బొమ్మలు కనిపించాలంటే ఎండ ఏటవాలుగా పడాలి. అందుకే కెమెరా సంగతి తర్వాత, ముందు వేళ సంగతి చూసుకోండి.

1. ఆలయం ఏ దిక్కుకు చూస్తోందో తెలుసుకోండి

నైలు తూర్పు గట్టున ఉన్న కర్నాక్ ముఖద్వారం నది వైపు, అంటే పడమరకు ఉంటుంది. ఉదయం అది నీడలోనే ఉంటుంది కాబట్టి సాయంత్రం తీయాలి. అవతలి గట్టున ఉన్న హత్షెప్సుత్ రాణి ఆలయం, దక్షిణాన అబూ సింబెల్ తూర్పుకు చూస్తాయి. వాటికి పొద్దుటి ఎండ కావాలి. కోమ్ ఓంబో ఆలయాన్ని సాయంత్రం తీయాలి. లక్సర్ ఆలయం ఉత్తరానికి చూస్తుంది, చలికాలంలో దాని ముఖం మీద ఎండ దాదాపుగా పడదు. దాన్ని పొద్దుగూకాక దీపాలు వెలిగినప్పుడు, ఆకాశంలో ఇంకా నీలం మిగిలి ఉండగా తీయండి.

అబూ సింబెల్ గర్భగుడిలోకి ఫిబ్రవరి 22, అక్టోబర్ 22 తేదీల్లో సూర్యకిరణాలు వెళ్తాయి. చూడటానికి గొప్ప రోజులే, కానీ ఆ జనంలో నింపాదిగా ఫోటో తీయడం కష్టం.

2. కర్నాక్ స్తంభాల మంటపానికి ఎక్కువ సమయం ఇవ్వండి

పొద్దున గేటు తెరవగానే నేరుగా ఇక్కడికే వెళ్లండి, ముఖద్వారాన్ని సాయంత్రం తీసుకోవచ్చు. మొత్తం 134 స్తంభాలు. నడిమి 12 స్తంభాల ఎత్తు దాదాపు 21 మీటర్లు, పక్కవి 15 మీటర్ల దాకా ఉంటాయి. నడిమివాటి తలలు విచ్చుకున్న పపైరస్ (నీటి ఒడ్డున పెరిగే రెల్లులాంటి మొక్క) పువ్వుల్లా, పక్కవాటివి మొగ్గల్లా ఉంటాయి. ఈ తేడా ఒకే ఫ్రేములో పడేలా నిలబడే చోటు వెతుక్కోండి.

కెమెరాను పైకెత్తితే స్తంభాలు వెనక్కి పడిపోతున్నట్టు వస్తాయి. వీలైనంత వెనక్కి జరిగి, కెమెరాను నిటారుగా పట్టుకుని, వైడ్ లెన్స్‌తో తీయండి. కింద అనవసరంగా వచ్చిన నేలను తర్వాత కత్తిరించుకోవచ్చు. స్తంభం మొదట్లో ఒక మనిషి ఉంటే దాని ఎత్తు ఇట్టే తెలుస్తుంది. కాపలావాళ్లను నిలబెట్టాలనుకుంటే ముందు అడగండి, బక్షీష్ కోసం చిల్లర దగ్గర పెట్టుకోండి.

ఇక చెక్కడాలు. ఉత్తర సగంలో ఫారో (ఈజిప్ట్ రాజు) మొదటి సేతీ కాలపు బొమ్మలు రాయి నుంచి పైకి ఉబ్బి ఉంటాయి. దక్షిణ సగంలో అతని కొడుకు రెండో రామ్‌సెస్ చెక్కించినవి గోడలోకి లోతుగా దిగి ఉంటాయి. లోతువాటిలో ఏటవాలు ఎండ పడితే ఒక అంచు నల్లని గీతలా, ఎదుటి అంచు మెరుస్తూ కనిపిస్తుంది. ఉబ్బువి సున్నితమైనవి, వాటికి పక్కనుంచి వచ్చే మెత్తని వెలుతురు చాలు. గోడకు ఎదురుగా కాక కాస్త ఐమూలగా నిలబడి చూడండి, తేడా మీకే తెలుస్తుంది. తలెత్తి దూలాల అడుగు భాగం కూడా చూడండి. ఎండ తగలని ఆ చోట్ల పాత రంగులు ఇంకా మిగిలే ఉన్నాయి.

3. వెలుగునీడల తేడాను అదుపులో పెట్టండి

ఎండ పడిన రాయిని బట్టి ఎక్స్‌పోజర్ పెట్టండి, కొంచెం తగ్గించినా ఫర్వాలేదు. నీడలను తర్వాత పైకి తేవచ్చు, తెల్లగా కాలిపోయిన రాయి మాత్రం తిరిగి రాదు. రా ఫార్మాట్‌లో (కెమెరా పట్టిన వివరాలన్నీ కుదించకుండా దాచే ఫైలు) తీస్తే ఈ పని తేలిక.

4. చీకటి గదుల్లో

ఫ్లాష్ వద్దు. సమాధుల్లో అది నిషేధం, ఆలయాల్లోనూ బొమ్మల లోతును చంపేస్తుంది. ట్రైపాడ్‌కు చాలాచోట్ల విడిగా అనుమతి కావాలి. డెండెరా ఆలయంలో నీలి పైకప్పు తీయడానికి చక్కని ఉపాయం ఉంది: కెమెరాను నేలమీద సంచిపై లెన్స్ పైకి ఉండేలా పెట్టి, రెండు సెకన్ల టైమర్ నొక్కి పక్కకు తప్పుకోండి. చెక్కిన రాయికి మాత్రం ఆనించకండి, చేత్తో ముట్టుకోకండి.

డ్రోన్ ఇంటి దగ్గరే వదిలేయండి, అనుమతి లేకుండా తీసుకెళ్తే విమానాశ్రయంలోనే చిక్కుల్లో పడతారు. ఇసుక దుమ్ములో లెన్స్ మార్చకండి.

5. ఏ ఫోటో ఎక్కడిదో గుర్తుండేలా చేయండి

ప్రతి ఆలయంలోనూ ముందుగా టికెట్‌నో బోర్డునో ఒక ఫోటో తీయండి. వారం తిరిగాక ఎడ్ఫూ ఆలయం గోడకూ కోమ్ ఓంబో గోడకూ తేడా చెప్పడం కష్టం. రెండూ ఈజిప్ట్‌ను ఏలిన గ్రీకు వంశం టాలమీల కాలానివే, రెండింటిలోనూ డేగ తల ఉన్న దేవుడు హోరస్ కనిపిస్తాడు.