పిల్లల అసెంట్ ఫారం తెలుగులో రాయడం – 4వ పాఠం: ‘చికిత్స’ అనే మాట

పోయిన పాఠం తర్వాత మీరు పంపిన అసెంట్ ఫారాలన్నీ, అంటే పరిశోధనలో చేరడానికి పిల్లల ఒప్పుకోలు అడిగే పత్రాలన్నీ, చదివాను. రక్తహీనత మీద ఒక ఊహా పరిశోధన ఇచ్చి, తొమ్మిదేళ్ల పాపకు అర్థమయ్యేలా ఒక పేజీ రాయమన్నాను. వాక్యాలు చిన్నవిగానే వచ్చాయి. కానీ దాదాపు అందరూ ఒకే చోట తప్పు చేశారు. అందుకే గోప్యత పాఠాన్ని వచ్చేసారికి జరిపాను.

ఎవరి దగ్గర ఒప్పుకోలు ఎలా తీసుకోవాలో మీకు తెలుసు: 2017 ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) మార్గదర్శకాల ప్రకారం 7 నుంచి 12 ఏళ్ల వారికి నోటిమాటగా, ఆ పైన 18 లోపు వారికి రాతపూర్వకంగా. అమ్మానాన్నల సమ్మతి ఎలాగూ ఉండాలి. ముందుకు వెళ్దాం.

మీరు రాసినది ఇది: “ఈ చికిత్సలో చేరడం నీ ఇష్టం.” ఆసుపత్రి మంచం మీద ఉన్న పాప ‘చికిత్స’ అని వింటే, తనకు జబ్బు తగ్గించడానికే ఇదంతా అనుకుంటుంది. పరిశోధన చేసేది ఒక ప్రశ్నకు జవాబు కోసం. రెండు ఐరన్ సిరప్‌లలో ఏది మెరుగో ముందే తెలిస్తే పరిశోధనే అక్కర్లేదు కదా!

కొన్నేళ్ల క్రితం గుంటూరులో ఒక పిల్లల వార్డులో ఫారం చదివి వినిపిస్తున్నాను. నరసరావుపేట వైపు నుంచి వచ్చిన ఒక తల్లి మధ్యలో ఆపి, “వద్దంటే మా పాపను పంపించేస్తారా అండీ?” అని అడిగింది. ఆ రాత్రి ఇంటికెళ్లి లెక్కపెట్టాను. ‘చికిత్స’ పదకొండుసార్లు ఉంది, ‘పరిశోధన’ రెండుసార్లు. ఆ ఫారం తెలుగు చేసింది నేనే. ఆమె భయానికి కారణం నా మాటలే.

“ఈ చికిత్స వల్ల నీకు మేలు జరుగుతుంది” అని రాయకండి. “ఈ సిరప్ నీకు ఎక్కువ పనిచేస్తుందో లేదో మాకింకా తెలియదు. తెలుసుకోవడానికే ఈ పరిశోధన” అనండి. “తిరస్కరించినచో” వద్దు. “నువ్వు వద్దన్నా నీకిచ్చే మామూలు మందులు ఆగవు. ఎవరూ కోప్పడరు” అంటే చాలు. ‘యాదృచ్ఛికంగా కేటాయించబడతారు’ బదులు: “నీకు ఏ సిరప్ వస్తుందో డాక్టరుగారు ఎంచుకోరు, అమ్మా ఎంచుకోదు. బొమ్మా బొరుసా వేసినట్టు వస్తుంది.” లాటరీ అనే మాట నేను వాడను, గెలిచామనుకుంటారు. 5 మి.లీ. రక్తాన్ని “ఒక టీ చెంచా అంత” అనండి.

సూది గురించి ‘చీమ కుట్టినట్టు ఉంటుంది’ అని ముగ్గురు రాశారు. వార్డులో పాపకు ఇప్పటికే నాలుగు సూదులు పడి ఉంటాయి. “నొప్పిగా ఉంటుంది, కాసేపటికి తగ్గుతుంది” అని నిజం చెప్పండి.

‘నువ్వు’ అనాలా ‘మీరు’ అనాలా అని అడిగారు. పన్నెండేళ్లలోపు వారికి నేను ‘నువ్వు’ అనే రాస్తాను.

అభ్యాసం: మీ ఫారాన్ని ‘చికిత్స’ అనే మాట ఒక్కసారి కూడా లేకుండా తిరగరాయండి. నాలుగో తరగతి చదివే ఇద్దరు పిల్లలకు, పెద్దవాళ్ల ఎదుటే, విడివిడిగా చదివి వినిపించండి. “అర్థమైందా?” అని అడగొద్దు, ఊఁ అంటారు. “ఇది ఎందుకు చేస్తున్నారు?”, “నువ్వు వద్దంటే ఏమవుతుంది?” అని అడిగి, జవాబులు వాళ్ల మాటల్లోనే రాసుకోండి. రెండో ప్రశ్నకు ఒక్కరు తడబడినా ఫారం మళ్లీ మొదటి నుంచి రాసి, ఈసారి వేరే ఇద్దరికి వినిపించండి.