పాత స్పోర్ట్స్ కారు డిజిటల్ మీటరు విప్పించే ముందు జాగ్రత్తలు

ఎండలు ముదిరితే బెజవాడలో ఆరుబయట నిలిపిన కారు డ్యాష్‌బోర్డు చెయ్యి పెట్టలేనంతగా కాలుతుంది కనుక, ఇప్పటికే మినుకుమినుకుమంటున్న పాత డిజిటల్ మీటరును ఈలోగానే ఆటోనగర్‌లో చూపించడం మంచిది.

సోల్డరింగ్ మొదలుపెట్టకముందే మెమరీ చిప్‌లోని సమాచారాన్ని కాపీ చేయించండి. చాలా కార్లలో ఓడోమీటరు రీడింగు ఆ చిన్న చిప్‌లోనే ఉంటుంది; అది చెరిగిపోతే కారు ఎంత తిరిగిందో రుజువు చూపలేరు, అమ్మబోతే కొనేవారు నమ్మరు. విప్పకముందు రీడింగు ఫొటో కూడా తీసి ఉంచుకోండి.

లోపం అసలు మీటరులోనే ఉందా అన్నది తేల్చుకోండి. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ వద్ద సుమారు 14 వోల్టులు ఉండి, మీటరు కనెక్టరు వద్ద బాగా తగ్గితే, తప్పు వైరుదో ఎర్తుదో అయి ఉంటుంది.

ఎయిర్‌బ్యాగు ఉంటే, పని మధ్యలో అది విచ్చుకోకుండా, ముందే బ్యాటరీ నెగటివ్ వైరు తీయించి, మాన్యువల్‌లో చెప్పినంతసేపు ఆగమనండి.

గాజు తెరను అంచులతోనే పట్టుకోవాలి. 1984 షెవ్రొలే కార్వెట్ వంటి కార్ల ఎల్‌సీడీ పలక పగిలితే మరొకటి సంపాదించడం కష్టం. అంకెలు వెలిసిపోయినంత మాత్రాన పలకను పారేయనివ్వకండి. తరచు చెడేది పైనున్న పోలరైజర్ (కాంతిని వడగట్టే పల్చని పొర), దాన్ని మార్చవచ్చు.

బోర్డు మీద చిన్న డబ్బాల్లా ఉండే కెపాసిటర్ల అడుగున జిగట తడి గానీ ఆకుపచ్చని పొక్కులు గానీ ఉన్నాయేమో దగ్గరుండి చూడండి. కారిన ద్రవం బోర్డు మీది రాగి గీతలను తినేస్తుంది. కొత్తవి, పాతవాటి మీద రాసి ఉన్న అదే విలువతో, 105 డిగ్రీల వేడిని తట్టుకునే రకమే వేయించండి. మన వేసవికి అవే నిలుస్తాయి.