కోడి పొట్ట ఉబ్బిందా, ఈకలు రాలుతున్నాయా? మందు కంటే ముందు చేత్తో చూడండి

తిరుపతిలో కార్తీకం వానలు పట్టగానే నన్ను అడిగేవాళ్లు ఎక్కువైపోతారు. "మా పెట్టకి ఈకలన్నీ రాలిపోతున్నాయి, పొట్ట కూడా ఉబ్బినట్టుంది, ఏం పొడి కలపాలి?" అని. కోడిని చేత్తో పట్టి చూశారా అంటే చాలామంది లేదంటారు. అప్పటికే పసుపు, వేపనూనె పూసేసి ఉంటారు, నీళ్లలో ఏదో ఒక మందు కలిపేసి ఉంటారు. ఉబ్బిన పొట్ట, రాలే ఈకలు చాలాసార్లు రెండు వేరు వేరు సంగతులు. పొట్ట ఉబ్బడంలోనే నాలుగు రకాలున్నాయి. ఒకదానికి చేసే వైద్యం ఇంకోదానికి చేస్తే కోడి బతకదు.

కావలసినవి: పాత తువ్వాలు, టార్చి లైటు, ప్లాస్టిక్ టబ్బు, ఆముదం, కోడిని మూసే గంప, చిన్న తూకం. గోళ్లు కత్తిరించుకోండి.

మొదట కోడిని విడదీయండి. గంప కింద, నీడలో, నీళ్లు మేత పెట్టి ఒక పూట వదిలేయండి. రెట్ట ఎలా వేస్తోందో, గుడ్డు కోసం ముక్కుతోందో చూడండి. తూకం వేసి రాసి పెట్టుకోండి. రొమ్ము ఎముక కత్తిలా తేలిపోయినా బరువు మాత్రం పెరుగుతుంటే లోపల నీరో, గడ్డో ఉందని అనుమానించాలి.

మరుసటి రోజు తెల్లారుజామున, మేత వేయకముందే, మెడ కింద మేతసంచి తడిమి చూడండి. రాత్రి తిన్నది అరిగి అది ఖాళీగా ఉండాలి. ఇంకా నిండుగా, పిండిముద్దలా ఉంటే జబ్బు అక్కడే ఉంది, పొట్టలో కాదు. దీన్ని పొట్ట ఉబ్బు అనుకుని వారాల తరబడి తిప్పలు పడినవాళ్లను చూశాను.

ఇక పొట్ట చూడటం. అందరూ చెడగొట్టేది ఇక్కడే కాబట్టి నిదానంగా చదవండి.

చీకటి పడ్డాకే చూడాలి. కోడికి రాత్రి చూపు ఆనదు, పెనుగులాడదు. తువ్వాలుతో రెక్కలు కప్పి ఎడమ చంక కింద పెట్టుకోండి, తల మీ వెనక్కి, తోక మీ ముందుకి ఉండాలి. కాళ్లు కిందికే వేలాడాలి. ఎట్టి పరిస్థితిలోనూ వెల్లకిలా పడుకోబెట్టకండి. మనకు ఊపిరితిత్తులకీ కడుపుకీ మధ్య అడ్డంగా ఉండే పొర కోడికి లేదు. గాలిసంచుల నిండా గాలి ఆడితేనే దానికి ఊపిరి. పొట్టలో నీరున్న కోడిని వెల్లకిలా తిప్పితే ఆ బరువంతా గాలిసంచుల మీద పడుతుంది. నేను మొదట్లో పెంచిన గిరిరాజ జాతి మంచి పెట్ట ఒకటి అలాగే, నా ఒళ్లోనే, రెండు నిమిషాల్లో పోయింది. అది నేను ఇప్పటికీ మర్చిపోలేదు.

ముడ్డికి రెండు పక్కలా సన్నటి ఎముకలు పొడుచుకొచ్చినట్టు తగులుతాయి. వాటి మధ్య రెండు మూడు వేళ్లు పడితే అది గుడ్లు పెట్టే పెట్ట, ఒక్క వేలే పడితే పెట్టడం ఆపేసింది. ఆ ఎముకలకీ రొమ్ము ఎముక కొసకీ మధ్యనున్న మెత్తటి చోటే పొట్ట. అరచేతిని చిప్పలా చేసి కింద నుంచి ఆనించండి. వేళ్ల కొసలతో పొడవకండి, పిసకకండి. లోపల గుడ్డుంటే అది చిట్లుతుంది. పెంకు కోసుకుని, సొన పొట్టలో పడి, అక్కడ చీము పడుతుంది. గుడ్డు తీస్తామని ముడ్డిలో వేలు పెట్టేవాళ్లు చేసేదీ ఇదే.

గుడ్లు పెట్టే ఆరోగ్యమైన పెట్ట పొట్ట పూరీ పిండిలా మెత్తగా ఉంటుంది. గట్టిపడిన సంకటి ముద్దలా మందంగా, కదలకుండా ఉంటే కొవ్వు. నీళ్లు పోసిన ప్లాస్టిక్ కవరులా ఉండి, ఒక పక్క ఆనిస్తే రెండో పక్క కదిలితే నీరు. గుండ్రంగా, గట్టిగా ఒకే ఉండ తగిలితే గుడ్డు అడ్డుపడింది. మిట్టపల్లాలుగా గడ్డలుంటే అది లోపలి గడ్డే, ఇంట్లో నయం కాదు. ఈ తేడా తెలియాలంటే ముందు బాగున్న పెట్టల్ని నాలుగైదింటిని పట్టి చూడండి. నేను అందరికీ ముందు ఇదే చేయిస్తాను.

గుడ్డు అడ్డుపడిన కోడి నిటారుగా నిలబడి, తోక ఆడిస్తూ ముక్కుతుంది, మాటిమాటికీ గూట్లోకి వెళ్లి వస్తుంది. టబ్బులో గోరువెచ్చటి నీళ్లు, పొట్ట మునిగేంత, మోచేతికి హాయిగా తగిలే వేడితో పోసి ఇరవై నిమిషాలు కూర్చోబెట్టండి. బాగా తుడిచి, ముడ్డి అంచుకి ఆముదం రాయండి. కొబ్బరినూనె వద్దు, జారిపోతుంది. ఆముదం చిక్కగా పట్టి ఉంటుంది. తర్వాత చీకటిగా, వెచ్చగా ఉన్న చోట వదిలేయండి. సాయంత్రానికి ఇంకోసారి చేయవచ్చు. మరుసటి రోజుకీ గుడ్డు రాకపోతే పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే. గుడ్డు పెంకు ఒక్కోదానికి దాదాపు 2 గ్రాముల కాల్షియం పోతుంది. మిగిలిన అన్నం, తవుడు మాత్రమే వేస్తే అది ఎక్కడి నుంచి వస్తుంది? మేత అంగట్లో దొరికే ఆల్చిప్పల పొడి విడిగా ఒక గిన్నెలో ఎప్పుడూ ఉంచండి, కోడికి కావలసినంత అదే తింటుంది.

నీరు పట్టిన పొట్టని మీరు గుచ్చకండి. సిరంజితో నీరు లాగే వీడియోలు చూసి నాకు చూపిస్తారు. నీరంతా ఒకేసారి తీసేస్తే కోడి తట్టుకోలేదు. గుచ్చే చోటు తప్పితే పేగుకి తగులుతుంది. డాక్టరు కొంచెం కొంచెంగా తీస్తారు, అది ఊపిరికి ఉపశమనం మాత్రమే. సొన లోపల పడటం, కాలేయం, గుండె, గడ్డలు, వీటిలో ఏది కారణమో తెలియకపోతే నీరు మళ్లీ చేరుతుంది. తిరుపతిలో పశువైద్య కళాశాల 1955 నుంచి ఉంది, దాని ఆసుపత్రి దగ్గర్లో ఉన్నవాళ్లు వాడుకోండి. అంగడివాళ్లు చేతిలో పెట్టే యాంటీబయాటిక్ పొడి మాత్రం కొనకండి. నీటి పొట్టకి అది చాలాసార్లు పనే చేయదు, ఆ కోడి గుడ్లు మీ పిల్లలు తింటారు. డాక్టరే మందు రాస్తే గుడ్లు ఎన్నాళ్లు తినకూడదో అడిగి రండి.

కొవ్వుకి మందు లేదు. అన్నం తగ్గించి, చెనక్కాయలు ఆపి, బయట తిరగనివ్వాలి.

ఈకల సంగతికి వస్తే, ఎక్కడ రాలాయో చూస్తే చాలావరకు కారణం తెలిసిపోతుంది. తల, మెడ నుంచి మొదలై వెనక్కి వరసగా రాలుతుంటే అది ఏటా వచ్చే ఈక మార్పు. పగలు తగ్గే కాలంలో వస్తుంది, రెండు మూడు నెలలు పడుతుంది, గుడ్లు ఆగుతాయి. ఇది జబ్బు కాదు. ఈకలో 85 శాతం దాకా మాంసకృత్తులే, కాబట్టి ఎండుచేపలు, చెనక్కాయ చెక్క కొంచెం వేయండి. కొత్త ఈక మొనల్లో రక్తం ఉంటుంది, ముట్టుకుంటే నొప్పి, ఊరికే పట్టుకోకండి. మనకి ఆ కాలంలోనే వానలు కాబట్టి గూడు కారకుండా చూడండి. వీపు మీద మాత్రమే పోతే పుంజు ఎక్కడం వల్ల. తోక దగ్గర పోయి పుండు పడితే తోటి కోళ్లు పొడుస్తున్నాయి, ఇరుకు తగ్గించండి. రొమ్ము దగ్గర అయితే పొదుగుకు వచ్చిన పెట్ట తనే పీక్కుంటుంది.

ముడ్డి చుట్టూ పోయి, ఈక మొదళ్లలో తెల్లటి గుడ్ల గుత్తులు కనిపిస్తే పేలు. రాత్రి టార్చి వేసి, కోళ్లు కూర్చునే కొయ్య సందుల్లో చూస్తే ఎర్రటి చిన్న నల్లులు కూడా దొరకొచ్చు. అవి పగలు కోడి మీద ఉండవు, అందుకే కోడికి పూసే మందుతో పోవు. గూడంతా ఖాళీ చేసి, కొయ్యలు కడిగి ఎండబెట్టి, సందులకి సున్నం కొట్టండి. కట్టెల బూడిద, ఇసుక కలిపి పొర్లాడటానికి గుంత పెట్టండి. పేలమందు కావాలంటే కోళ్లకి వాడదగినదేదో, ఎంతో డాక్టరుని అడిగి వాడండి. వారం పది రోజులకి రెండోసారి తప్పనిసరి, మొదటిసారి చావని గుడ్లు అప్పటికి పిల్లలవుతాయి.

ఒకే రోజు నాలుగైదు కోళ్లు చచ్చినా, తల మీద ఎర్రటి తురాయి నీలమై ముఖం వాచినా ఇవేవీ చేయకండి. చేతులు కడుక్కుని పశుసంవర్ధక శాఖ వాళ్లకి చెప్పండి.

నయమైన పెట్టని పగలు గుంపులో వదలకండి, పొడిచేస్తాయి. రాత్రి మిగతావన్నీ కొయ్య మీద కూర్చున్నాక దాన్ని మధ్యలో కూర్చోబెట్టి, తెల్లారి మేత రెండు గిన్నెల్లో వేయండి.