ఎర్ర స్క్రీన్, సైరన్ మోత: నెట్ సెంటర్ నడిపేవాడి జాగ్రత్తలు

తెనాలి బస్టాండు దగ్గర నాకో చిన్న నెట్ సెంటర్ ఉంది. ఐదు సిస్టమ్‌లు, రెండు ప్రింటర్లు, ఒక జిరాక్స్ మిషన్. మొన్న నవంబరులో ఒక రిటైర్డ్ మాస్టారు జీవన్ ప్రమాణ్ (పెన్షనర్లు ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్) కోసం వచ్చారు. నేను వేరేవాళ్ళకి జిరాక్స్ తీస్తుంటే ఆయనే మూడో సిస్టమ్ దగ్గర కూర్చుని ఏదో వెతుక్కుంటున్నారు. ఉన్నట్టుండి సైరన్ మోత. స్క్రీనంతా ఎరుపు. మీ కంప్యూటర్ లాక్ అయింది, వెంటనే ఈ నంబరుకి ఫోన్ చేయండి అని ఇంగ్లీషులో పెద్ద అక్షరాలు. నేను వచ్చేసరికే ఆయన సెల్లు తీసి ఆరంకెలు నొక్కేశారు.

"బాబూ, నేనేం చెయ్యలేదయ్యా, మౌస్ ఇలా కదిపానంతే."

"మీ తప్పేం లేదు మాస్టారూ, ముందు ఫోన్ జేబులో పెట్టేయండి" అని ఎస్కేప్ మీట కాసేపు నొక్కి పట్టుకున్నాను. ఫుల్ స్క్రీన్ పోయింది. కంట్రోల్, డబ్ల్యూ కలిపి నొక్కితే ఆ పేజీ మూసుకుంది. సైరన్ ఆగింది. అంతే సంగతి.

మీకెప్పుడైనా ఇలా అయితే ఇదే చేయండి. దానికీ లొంగకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో బ్రౌజర్ పేరు మీద క్లిక్ చేసి ఎండ్ టాస్క్ ఇవ్వండి. మళ్ళీ తెరిచినప్పుడు పాత పేజీలు తిరిగి తెరవమంటారా అని అడిగితే మాత్రం వద్దనండి. లేకపోతే సైరన్ మళ్ళీ మొదలు.

ఆ రోజు కంప్యూటర్‌లోకి ఏ వైరసూ రాలేదు. ఆ మోతా ఆ ఎరుపూ అన్నీ ఆ పేజీలోని స్క్రిప్టు పని. స్క్రిప్టంటే వెబ్ పేజీతోపాటు వచ్చి మన సిస్టమ్‌లో నడిచే చిన్న ప్రోగ్రామ్. ఆ భాష జావాస్క్రిప్ట్. 1995లో నెట్‌స్కేప్ కంపెనీలో బ్రెండన్ ఐక్ దాని తొలి రూపాన్ని పది రోజుల్లో తయారుచేశాడట. ఆ పది రోజుల పని ఇప్పుడు బ్యాంకు పేజీ దగ్గర్నుంచి క్రికెట్ స్కోరు దాకా అన్నింటినీ నడుపుతోంది. చిక్కల్లా ఎక్కడంటే, మనం తెరిచేది ఒక సైటే అయినా స్క్రిప్టులు దాని నుంచి మాత్రమే రావు. పెళ్ళికి ఒకరిని పిలిస్తే లారీ దిగినట్టు ప్రకటనలవాళ్ళు, ఎవరు ఏం చూస్తున్నారో లెక్కలు కట్టేవాళ్ళు, వాళ్ళ తాలూకు వాళ్ళు అందరూ దిగుతారు. ఆ లారీలో దొంగ ఉంటే మనం నమ్మిన సైటుకు కూడా తెలియదు.

2015 ఆగస్టులో ఇలాగే జరిగింది. రష్యాలో ఒక వార్తల సైటులో వచ్చిన ప్రకటన, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌లో పీడీఎఫ్ చూపించే భాగంలోని లోపాన్ని పట్టుకుని చదివేవాళ్ళ కంప్యూటర్‌లోని ఫైళ్ళు వెతికి పంపించేసింది. ముఖ్యంగా సర్వర్లకి ఫైళ్ళు పంపే ఫైల్‌జిల్లా లాంటి ప్రోగ్రాముల సెట్టింగుల ఫైళ్ళు. పోయినట్టు ఆనవాలు కూడా మిగల్లేదు. ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లా వెంటనే 39.0.3 వెర్షన్ ఇచ్చింది. యాడ్ బ్లాకర్ వాడేవాళ్ళు కొందరు తప్పించుకుని ఉండొచ్చని కూడా చెప్పింది. మన దగ్గర సంగతికొస్తే, 2018 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ పురపాలక శాఖ, తిరుపతి కార్పొరేషన్, మాచర్ల మునిసిపాలిటీ సైట్లలో, చూసేవాళ్ళ కంప్యూటర్‌తో లెక్కలు చేయించి క్రిప్టో నాణేలు (డిజిటల్ డబ్బు) తవ్వే స్క్రిప్టు ఉందని పరిశోధకులు బయటపెట్టారు. పేజీ తెరిచినవాళ్ళ కరెంటు, వాళ్ళ ప్రాసెసర్. నాణేలు మాత్రం ఇంకెవరికో.

ఇక చేయాల్సినవి. మొదటిది అప్‌డేట్. స్క్రిప్టులు ఆపడం కంటే ఇదే ముఖ్యం. 2023 సెప్టెంబరులో వెబ్‌పీ అనే రకం బొమ్మలను చూపించే కోడ్‌లో లోపం దొరికింది. క్రోమ్, ఎడ్జ్, ఫైర్‌ఫాక్స్ అన్నీ అదే కోడ్ వాడుతున్నాయి కాబట్టి అందరూ హడావుడిగా సరిచేశారు. బొమ్మకి స్క్రిప్టుతో పనిలేదు, కాబట్టి స్క్రిప్టులు ఆపినంత మాత్రాన అక్కడ సరిపోదు. క్రోమ్‌లో మూల మూడు చుక్కలు, హెల్ప్, అబౌట్ గూగుల్ క్రోమ్. ఫైర్‌ఫాక్స్‌లో మూడు గీతలు, హెల్ప్, అబౌట్ ఫైర్‌ఫాక్స్. ఆ పేజీ తెరిస్తే చాలు, అదే వెతుక్కుని దింపుకుంటుంది. తర్వాత బ్రౌజర్ మూసి తెరవాలి. మన జనం ఇక్కడే ఆగిపోతారు. నలభై ట్యాబులు తెరిచి ఉంటాయి, మూస్తే పోతాయని వారాల తరబడి అలాగే ఉంచుతారు. నేను రోజూ రాత్రి షట్టర్ దించేముందు అన్నీ మూసేస్తాను.

విండోస్ 7, 8.1 మీద క్రోమ్ 2023లో 109వ వెర్షన్ దగ్గర ఆగిపోయింది. అబౌట్ పేజీలో ఎంతసేపు చూసినా ఇక కొత్తది రాదు. నా దగ్గర అలాంటిది ఒకటుంది. నెట్ కేబుల్ పీకేసి ప్రింటింగ్‌కి మాత్రమే వాడుతున్నాను.

రెండోది యూబ్లాక్ ఆరిజిన్, ప్రకటనల్ని ఆపే యాడ్-ఆన్ (బ్రౌజర్‌కి తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్). రేమండ్ హిల్ అనే ఆయన తయారుచేసి ఉచితంగా ఇస్తున్నాడు. గూగుల్ ఇలాంటి యాడ్-ఆన్ల నిబంధనలు మార్చాక క్రోమ్‌లో అసలుది పనిచేయడం మానేసింది, లైట్ అనే చిన్నది దొరుకుతుంది. అందుకే నేను ఫైర్‌ఫాక్స్ వైపు జరిగాను. ఫైర్‌ఫాక్స్ యాడ్-ఆన్స్ పేజీ నుంచే వేసుకోండి, గూగుల్‌లో పేరు కొట్టి మొదట కనబడిన లింకు నొక్కకండి. వేశాక ఏ సెట్టింగూ ముట్టుకోనక్కర్లేదు. పది మందిలో తొమ్మిది మందికి అప్‌డేటూ ఇదీ చాలు. ఇంట్లో అమ్మానాన్నల కంప్యూటర్లో వేసి ఊరుకోండి.

ఇంకాస్త పట్టు కావాలనుకునేవాళ్ళకి స్క్రిప్టులనే ఆపే యాడ్-ఆన్ నోస్క్రిప్ట్. ఇటలీవాడు జార్జియో మావోనే 2005 నుంచి నడుపుతున్నాడు. దీని పద్ధతి తిరగేసి ఉంటుంది. చెడ్డవాళ్ళ జాబితా పెట్టుకోదు, మీరు రమ్మన్నవాళ్ళే లోపలికి. మొదటి వారం విసుగొస్తుంది, ముందే చెబుతున్నాను. సగం సైట్లు బోసిపోయి కనిపిస్తాయి, మెనూలు తెరుచుకోవు, వీడియోలు ఆడవు.

పైన ఎస్ అక్షరం గుర్తు నొక్కితే పేర్ల జాబితా వస్తుంది. ఒక తెలుగు వార్తల పేజీ తెరిచి నేను లెక్కపెడితే ఇరవై దాటాయి. అందులో అడ్రస్ బార్‌లో ఉన్న పేరు ఏదో చూసి దాన్ని మాత్రమే టెంపరరీ ట్రస్టెడ్ చేశాను. వార్త వచ్చింది. ఫొటోలు రాలేదు. చివర సీడీఎన్ (సైటు ఫొటోలూ ఫైళ్ళూ అందించే సర్వర్లు) అని ఉన్న ఇంకో పేరుకి కూడా అనుమతి ఇస్తే ఫొటోలూ వచ్చాయి. మిగతావాళ్ళంతా బయటే నిలబడ్డారు. ఎవరికీ ఏ లోటూ రాలేదు! రోజూ వెళ్ళే సైటయితే ట్రస్టెడ్ చేసుకోండి, ఎప్పుడో ఒకసారి వెళ్ళేదయితే టెంపరరీ. పేరులో యాడ్ అనో ట్రాక్ అనో ఉంటే ముట్టుకోకండి. కొన్ని పెద్ద సైట్లు మొదటి నుంచే ట్రస్టెడ్‌లో ఉంటాయి, ఆ జాబితా ఒకసారి చూసుకుని అక్కర్లేనివి తీసేయండి.

ఇప్పుడు నా బుద్ధితక్కువ పని ఒకటి చెప్పాలి. ఒక పరీక్ష ఫీజుకి చివరి రోజు. ఒకమ్మాయి, వాళ్ళ నాన్న వచ్చారు. నేను నోస్క్రిప్ట్ ఉన్న బ్రౌజర్‌లోనే కట్టడం మొదలుపెట్టాను. కార్డు నంబరు కొట్టాక పేజీ తెల్లగా నిలబడింది. డబ్బు తీసుకునే పేమెంట్ గేట్‌వే పేరు వేరు, ఓటీపీ అడిగే బ్యాంకు పేజీ పేరు వేరు. ఒకదానికి అనుమతి ఇస్తే ఇంకోటి అడ్డం పడుతోంది. అనుమతి ఇచ్చిన ప్రతిసారీ పేజీ దానంతటదే రీలోడ్ అయింది. డబ్బు రెండుసార్లు కట్ అయింది. ఆ నాన్నగారు ఏమీ అనలేదు, బయటికెళ్ళి నిలబడ్డారు. ఒక ఫీజు డబ్బు కొన్నాళ్ళకి వెనక్కి వచ్చింది గానీ, అప్పటిదాకా నాకు నిద్ర లేదు.

అప్పటి నుంచి ప్రతి సిస్టమ్‌లో రెండు బ్రౌజర్లు. తిరగడానికి ఫైర్‌ఫాక్స్, నోస్క్రిప్ట్‌తో. డబ్బు కట్టడానికి, ప్రభుత్వ సైట్లకి ఎడ్జ్, నోస్క్రిప్ట్ లేకుండా. ఎడ్జ్‌లో వేరే ఏ సైటూ తెరవనివ్వను, యూట్యూబ్ కూడా. ఐకాన్ పక్కన కాగితం అంటించి "ఫీజులకు మాత్రమే" అని రాశాను. అయినా పిల్లలు రీల్స్ పెడుతుంటారు, అది వేరే కథ.

నోస్క్రిప్ట్ ఉందని నిబ్బరంగా కూర్చోకండి. 2018లో బ్రిటిష్ ఎయిర్‌వేస్ అనే విమాన సంస్థ సొంత సైటు స్క్రిప్టులోనే దొంగలు 22 లైన్లు చేర్చి కార్డు వివరాలు కొట్టేశారు. మనం నమ్మి లోపలికి పిలిచిన పేరు వెనకాల దూరితే ఈ కాపలా కొంతవరకే. అందుకే నెట్‌లో కార్డు వాడేవాళ్ళకి లిమిట్ తక్కువ పెట్టుకోమంటాను.

నోటిఫికేషన్లు కూడా ఒకసారి చూడండి. ఏ పేజీ అయినా అలౌ నొక్కమంటే బ్లాక్ నొక్కండి. మూలన రోజూ వైరస్ ఉందని వచ్చే చిన్న పెట్టెలు చాలావరకు ఎప్పుడో నొక్కిన ఆ అలౌ ఫలితమే. ఫైర్‌ఫాక్స్ సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్ల దగ్గర కొత్తగా అడగడమే ఆపేసే ఆప్షన్ ఉంది, అది టిక్ పెట్టేయండి. ఆండ్రాయిడ్ ఫోన్‌లో అయితే క్రోమ్‌కి యాడ్-ఆన్లు లేవు. ఫైర్‌ఫాక్స్‌లో యూబ్లాక్, నోస్క్రిప్ట్ రెండూ వేసుకోవచ్చు.

ఇదంతా చదివేలోపే ఎవరైనా ఎర్ర స్క్రీన్ మీది నంబరుకి ఫోన్ చేసేసి, వాళ్ళు చెప్పిన యాప్ వేసి స్క్రీన్ చూపించేసి ఉంటే, ముందు నెట్ ఆపేయండి. వేరే ఫోన్ నుంచి బ్యాంకుకి చెప్పి ఖాతా, కార్డు ఆపించండి. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. మాస్టారి సెల్లులో ఈ 1930 నంబరు నేనే సేవ్ చేసి ఇచ్చాను. పేరేం పెట్టమంటారని అడిగితే కాసేపు ఆలోచించి, "సైరన్ అని పెట్టు బాబూ" అన్నారు.